దారికీ హక్కులున్నాయి

"నీ లైసెన్సు వయసు పదహారేళ్లు. నీ డ్రైవింగు వయసు పది రోజులు. మధ్యలో ఏళ్లన్నీ ఎక్కడికి పోయాయి బేటా?"

దుబాయ్‌లో నాకు డ్రైవింగు నేర్పిన పెషావరు ఉస్తాద్ ఒకరోజు అడిగిన ప్రశ్న ఇది. 2019 సంవత్సరం. నాకప్పుడు 38 ఏళ్లు. జవాబు చెప్పడానికి నోరు రాలేదు. చెప్పాల్సి వస్తే రాయలసీమలోని మా ఊళ్లో ఒక ఏజెంటు చేతిలో పెట్టిన డబ్బు సంగతి చెప్పాలి. తల వంచుకుని స్టీరింగు వైపు చూస్తూ కూర్చున్నాను.

గల్ఫ్ దేశాల్లో మనవాళ్లు లక్షల సంఖ్యలో ఉన్నారు. కడప, చిత్తూరు, గోదావరి జిల్లాల నుంచి, నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల నుంచి, హైదరాబాద్ పాతబస్తీ నుంచి వెళ్లినవారిలో ఎందరో అక్కడ స్టీరింగు పట్టి కుటుంబాలను పోషిస్తున్నారు. ఇంకెందరో పట్టాలని ఆశపడుతున్నారు. వారికీ, వారిని సాగనంపే ఇంటివారికీ ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతోనే నా అనుభవాన్ని దాచుకోకుండా రాస్తున్నాను.

పరీక్ష లేని లైసెన్సు

నాకు 22వ ఏట లైసెన్సు వచ్చింది. వచ్చిందనడం కంటే కొన్నాననడం సబబు. ఫొటోలు, రేషన్ కార్డు నకలు, అడిగినంత డబ్బు ఏజెంటుకు ఇచ్చాను. ఆఫీసులోకి వెళ్లింది సంతకం చేయడానికే. హెచ్ ట్రాక్ మీద కారును ముందుకూ వెనక్కూ నడిపి చూపించాలన్న సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు. లైసెన్సు చేతికొచ్చిన రోజు అమ్మీ సేమ్యా పాయసం చేసింది. అబ్బా మాత్రం "కారు ఎప్పుడు నేర్చుకున్నావురా?" అని ఒక్క మాట అడిగి ఊరుకున్నారు. అది ప్రశ్న కాదనీ, మందలింపనీ అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఎవరికి నష్టం అనుకున్నాను. కారు ఎలాగూ లేదు. ఎప్పుడో పనికొస్తుందని బీరువాలో పెట్టాను. అందరూ చేసే పనే కదా అని మనసుకు చెప్పుకున్నాను. లంచం ఇచ్చేవాణ్ణీ, పుచ్చుకునేవాణ్ణీ ఇద్దరినీ దైవప్రవక్త (స) శపించారన్న హదీసు జుమా ప్రసంగాల్లో ఎన్నిసార్లు వినలేదు! అది పెద్ద పెద్ద అధికారుల గురించి చెప్పిన మాట అనుకున్నామే తప్ప, మన జేబులోని చిన్న కార్డుకు కూడా వర్తిస్తుందని ఏనాడైనా అనుకున్నామా?

బతుకుతెరువు కోసం దుబాయ్ వెళ్లి ఒక కంపెనీ స్టోరులో హెల్పరుగా చేరాను. జీతం 1,800 దిర్హమ్‌లు. లైసెన్సు ఉంటే వ్యాను మీద సరుకు వేసే సేల్స్‌మన్ పని ఇస్తామన్నారు. జీతం దాదాపు రెట్టింపు. ఊళ్లో మా ఇంటావిడ తన మెడలోని గొలుసు అమ్మి డబ్బు పంపింది. బీరువాలోని పాత కార్డు కూడా ఒక మిత్రుడి చేతికిచ్చి పంపింది.

అక్కడి పద్ధతి ఏమిటి?

చాలామందికి ఒక అపోహ ఉంది. మన లైసెన్సు చూపిస్తే అక్కడిది ఇచ్చేస్తారనుకుంటారు. కొన్ని దేశాలవారికి యుఎఇ ఆ సౌకర్యం ఇస్తుంది. మన దేశం ఆ జాబితాలో లేదు. నివాస వీసా మీద ఉన్నవారు అక్కడి లైసెన్సు పొందకుండా బండి నడపడం నేరం.

ముందు కంటి పరీక్ష. తర్వాత డ్రైవింగు స్కూల్లో పేరు నమోదు. దుబాయ్‌లో 8 గంటల పాఠాలు కూర్చుని వినాలి. రోడ్డు గుర్తులు, వేగం, బండికీ బండికీ మధ్య ఉండాల్సిన దూరం అన్నీ చెబుతారు. ఆపైన కంప్యూటరు మీద పరీక్ష. ఉర్దూ, హిందీ, మలయాళం వంటి భాషల్లోనూ రాయవచ్చు. ఇంట్లో ఉర్దూ మాట్లాడతాను గానీ గబగబా చదవడం రాదు. అందుకని రాత్రిళ్లు గదిలో కూర్చుని గుర్తులన్నీ కాగితం మీద బొమ్మలు వేసుకుని నేర్చుకున్నాను.

తర్వాత బండి మీద శిక్షణ. కొత్తవారికి 20 గంటలు. సొంత దేశపు లైసెన్సు తీసుకుని రెండేళ్లు దాటితే 15. అయిదేళ్లు దాటితే 10. ఇక్కడే నా పాత కార్డు పనికొచ్చింది. పదహారేళ్ల లైసెన్సు కదా, పది గంటలు చాలన్నారు. పది గంటల రుసుము మిగిలిందని సంబరపడి ఇంటికి ఫోను చేసి మరీ చెప్పాను.

శిక్షణ తర్వాత పార్కింగు పరీక్ష. రెండు బండ్ల మధ్య పక్కగా నిలపడం, ఏటవాలుగా నిలపడం, గ్యారేజీలోకి వెనక్కు నడపడం, ఎత్తు మీద ఆపి వెనక్కు జారకుండా కదలడం, అకస్మాత్తుగా బ్రేకు వేయడం - అయిదు రకాలు. చివరిది రోడ్డు పరీక్ష. పరీక్షాధికారి పక్కన కూర్చుంటారు. ఆయన కాళ్ల దగ్గరా ఒక బ్రేకు ఉంటుంది. తప్పితే మళ్లీ కొన్ని తరగతులు, మళ్లీ రుసుము, మళ్లీ పరీక్ష.

పైగా అక్కడ బండ్లు కుడివైపు నడుస్తాయి. స్టీరింగు ఎడమవైపు. రౌండెబౌట్ దగ్గర లోపల తిరుగుతున్న బండికే ముందు హక్కు. మన కూడళ్లలో ఎవరు గట్టిగా హారన్ కొడితే వారిది ముందు. ఈ అలవాటు వదిలించుకోవడం కొత్త అలవాటు నేర్చుకోవడం కంటే కష్టం.

మూడోసారి

మొదటిసారి రౌండెబౌట్ దగ్గర తప్పాను. రెండోసారి భయపడి మరీ నెమ్మదిగా నడిపినందుకు తప్పాను. గొలుసు డబ్బు అయిపోయింది. గదిలోని మిత్రుల దగ్గర అప్పు మొదలైంది. ఫోను చేసినప్పుడల్లా ఇంటావిడ "ఈసారి అయిపోతుంది లెండి, నేను దుఆ చేస్తున్నా" అనేది. ఆ మాట వింటే ఇంకా సిగ్గేసేది.

మూడోసారి పరీక్షకు ఫజ్ర్ నమాజు చేసుకుని వెళ్లాను. వెనక సీట్లో మరో ఇద్దరు అభ్యర్థులు. వరస మారమని అధికారి చెప్పారు. ఇండికేటరు వేశాను. అద్దం చూశాను. కుడివైపు తిప్పాను. ఒక్కసారిగా బండి దబ్బున ఆగింది. అధికారి బ్రేకు తొక్కేశారు. నా కుడి పక్కనే, అద్దంలో కనపడనంత దగ్గరగా, సరుకు పెట్టె కట్టుకున్న ఒక బైకు. మీదున్న కుర్రాడు ఒక కాలు నేలకు ఆనించి నావైపు చూశాడు. తిట్టలేదు. చెయ్యి గుండె మీద వేసుకుని ఒక్క క్షణం ఆగి, వెళ్లిపోయాడు.

భుజం మీదుగా తల తిప్పి ఒక్కసారి చూసి ఉంటే కనిపించేవాడు. అద్దానికి అందని ఆ చోటు గురించి మొదటి రోజే ఉస్తాద్ చెప్పారు. వందసార్లు తల తిప్పితే గానీ మెడకు అలవాటు కాదని కూడా చెప్పారు. నేను తల తిప్పింది పది గంటలే. మిగిలిన పది గంటలు నా పాత కార్డు మింగేసింది.

ఆ రోజంతా ఆ కుర్రాడి ముఖమే కళ్ల ముందు మెదిలింది. ఏ దేశం వాడో, ఏ ఊరి వాడో తెలియదు. వాడికీ ఒక అమ్మ ఉంటుంది. వాడి డబ్బు కోసం ఎదురుచూసే ఇల్లు ఉంటుంది. పదహారేళ్ల కిందట "ఎవరికి నష్టం" అనుకున్న ప్రశ్నకు జవాబు ఆ రోజు నా కుడి పక్కన నిలబడింది.

మర్నాడు ఉస్తాద్‌కు అంతా చెప్పేశాను. ఆయన కోప్పడలేదు. "అబద్ధం చెప్పింది నువ్వు. అది నిజమని నమ్మి తరగతులు తగ్గించింది వీళ్లు. దెబ్బ తినేది మాత్రం రోడ్డు మీద పోయేవాడు" అన్నారు. కొంచెంసేపు ఆగి, "ఎగ్గొట్టిన పది గంటలూ కట్టుకో" అన్నారు. పరీక్ష తప్పినవారు తీసుకోవాల్సిన తరగతులతో సరిపెట్టుకోక మొత్తం పది గంటలు మళ్లీ నేర్చుకున్నాను. నాలుగోసారి ఉత్తీర్ణుడినయ్యాను. లెక్క చూసుకుంటే దాదాపు 7,000 దిర్హమ్‌లు. నాలుగు నెలల జీతం. అప్పుడు కొన్న లైసెన్సుకు వడ్డీతో సహా ఇప్పుడు చెల్లించానన్నమాట!

అరఫాత్ దారిలో

డ్రైవింగుకూ దీనుకూ సంబంధం ఏమిటని కొందరు అడుగుతారు. దైవప్రవక్త (స) కాలంలో మోటార్లు లేకపోవచ్చు. దారులున్నాయి. స్వారీలున్నాయి. జనసమ్మర్దమూ ఉంది.

హిజ్రీ 10వ సంవత్సరంలో అంతిమ హజ్ సందర్భంగా వేలాది మంది ఒక్కసారిగా అరఫాత్ నుంచి బయలుదేరారు. వెనక నుంచి అరుపులు, ఒంటెలను అదిలించే చప్పుళ్లు వినిపించాయి. దైవప్రవక్త (స) ప్రజలను నెమ్మదిగా ఉండమని సైగ చేసి, తొందరపడి పరుగెత్తించడంలో పుణ్యం లేదని బోధించారు. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఈ విషయం తెలిపారు. ఆయన ఆ రోజు మధ్యస్థ వేగంతో వెళ్లేవారనీ, దారి ఖాళీగా కనిపించినప్పుడు మాత్రం వేగం పెంచేవారనీ హజ్రత్ ఉసామా బిన్ జైద్ (రజి) చెప్పారు. రద్దీలో నిదానం, ఖాళీలో తగిన వేగం. ఏ డ్రైవింగు స్కూలైనా ఇంతకంటే ఏం నేర్పుతుంది?

మరో ప్రయాణంలో అంజషా అనే సేవకుడు స్త్రీలు ఎక్కిన ఒంటెలను పాట పాడుతూ హుషారుగా తోలుతున్నాడు. గాజు పాత్రలు మోస్తున్నట్టు నెమ్మదిగా తోలమని ప్రవక్త (స) అతన్ని హెచ్చరించారు. భార్యాబిడ్డలను ఎక్కించుకుని బండి నడిపే ప్రతి ఒక్కరూ ఈ మాట గుర్తుంచుకోవాలి.

దారుల పక్కన కూర్చునేవారికి ఆయన దారి హక్కులు వివరించారు. చూపులను అదుపులో ఉంచుకోవడం, ఎవరికీ బాధ కలిగించకపోవడం, సలాముకు జవాబివ్వడం, మంచిని ఆదేశించి చెడును వారించడం. కూర్చున్నవాడి మీదే ఇన్ని బాధ్యతలుంటే, అదే దారిలో టన్ను బరువున్న ఇనుప యంత్రాన్ని పరుగెత్తించేవాడి మీద ఎన్ని ఉండాలి! దారిలోని ముల్లును తొలగించడం ఈమాన్ శాఖల్లో ఒకటని విన్నాం. మరి జుమా నమాజుకు తొందరగా వచ్చి ఎవరి గేటుకో, ఏ అంబులెన్సు దారికో అడ్డంగా బండి నిలిపి లోపలికి వెళ్తే, ఆ బండి దారిలో ముల్లు కాదా? మనం వజూ చేస్తుండగా బయట ఎవరో హారన్ కొడుతూ నిలబడితే, ఆ ఫిర్యాదు ఎవరి మీద?

హజ్రత్ లుఖ్మాన్ తన కుమారునికి చేసిన హితబోధ దివ్య ఖుర్ఆన్‌లో ఉంది. నడకలో మధ్యస్థంగా ఉండాలనీ, గొంతు తగ్గించుకోవాలనీ ఆయన చెప్పారు. నడకకు చెప్పింది వేగానికి వర్తించదా? గొంతుకు చెప్పింది హారన్‌కు వర్తించదా?

పొరపాటుకూ లెక్క ఉంది

ప్రమాదం జరిగితే "రాసి పెట్టి ఉంది" అని సరిపెట్టుకోవడం మనలో చాలామందికి అలవాటు. విధిని నమ్మడం విశ్వాసంలో భాగమే. కానీ విధి పేరుతో నిర్లక్ష్యాన్ని కప్పిపుచ్చడం విశ్వాసం కాదు. ఒంటెను కట్టేసి ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమని ప్రవక్త (స) బోధించారు. సీటు బెల్టు ఆ పగ్గమే. హెల్మెట్ ఆ పగ్గమే.

దివ్య ఖుర్ఆన్ నిసా సూరా 92వ ఆయతు పొరపాటున జరిగిన హత్యకు కూడా పరిహారం నిర్ణయించింది. మృతుని కుటుంబానికి రక్తధనం చెల్లించాలి. బానిస విముక్తి సాధ్యం కానప్పుడు వరసగా రెండు నెలలు ఉపవాసాలుండాలి. ఉద్దేశం లేకపోయినా బాధ్యత ఉందన్నమాట. 1993లో బ్రూనైలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ, షరీఅత్‌కు విరుద్ధం కాని ట్రాఫిక్ నిబంధనలను పాటించడం ధర్మరీత్యా విధి అని తీర్మానించింది. సిగ్నల్ దగ్గర ఆగడం పోలీసు భయంతో చేసే పని మాత్రమే కాదు.

సౌదీ అరేబియాలో పొరపాటు మరణానికి రక్తధనాన్ని 2011లో 3 లక్షల రియాళ్లుగా నిర్ణయించారు. సరైన బీమా ఉంటే ఆ భారం బీమా మోస్తుంది. లైసెన్సు లేకపోయినా, బీమా గడువు తీరిపోయినా అది పేద డ్రైవరు నెత్తిన పడుతుంది. ఊళ్లో ఇల్లూ పొలమూ అమ్మినా తీరని అప్పు అది. యజమాని బండి తాళాలు ఇచ్చి "పో" అనగానే వెళ్లకుండా, బీమా కాగితం ఒక్కసారి చూడమని ప్రతి డ్రైవరుకూ నా మనవి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 11 లక్షల 90 వేల మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. మన దేశంలో 2022 ఒక్క సంవత్సరంలోనే 1,68,491 మంది ప్రాణాలు కోల్పోయారు. ఈ అంకెల వెనక ఎన్ని కొన్న లైసెన్సులున్నాయో ఆ సర్వజ్ఞుడికే తెలుసు.

రంజాన్‌లో గల్ఫ్ రోడ్లపై ఒక దృశ్యం కనిపిస్తుంది. ఇఫ్తార్ వేళ అందరూ ఇళ్లకు పరుగులు తీస్తారు. అప్పుడు యుఎఇలో స్వచ్ఛంద సేవకులు సిగ్నళ్ల దగ్గర నిలబడి ఖర్జూరాలు, నీళ్ల సీసాలు ఉన్న పొట్లాలు పంచుతారు. రోజా ఇక్కడే విప్పుకోండి, తొందర వద్దు అని దాని అర్థం. రోజంతా ఆకలిని ఓర్చుకున్నవాడు చివరి పది నిమిషాలు ఓర్చుకోలేక ప్రాణం మీదికి తెచ్చుకోవడం ఎంత విషాదం!

బయలుదేరే ముందు

విదేశానికి వెళ్లే యువకులకు నాలుగు మాటలు.

డ్రైవరు వీసా మీద వెళ్లేవారు ఇక్కడే నిజంగా నేర్చుకుని, నిజంగా పరీక్ష రాసి లైసెన్సు తీసుకోండి. అక్కడి పరీక్షలో ఏజెంటు పక్కన కూర్చోడు. ఆ పరీక్ష తప్పితే, అప్పు చేసి కొన్న వీసా ఎందుకు పనికొస్తుంది?

వెళ్లిన చోటి నిబంధనలు వెళ్లాక కాదు, ముందే తెలుసుకోండి. అవి మారుతుంటాయి. దుబాయ్‌లో 2023లో మనలాంటి దేశాల లైసెన్సు ఉన్నవారికి శిక్షణ లేకుండా నేరుగా ఒక్కసారి పరీక్షకు హాజరయ్యే అవకాశం కల్పించారు. నిజంగా నడపడం వచ్చినవారికి అది వరం. కొన్న లైసెన్సువారికి అది డబ్బు దండుగ.

లైసెన్సు వచ్చాక పరీక్ష ముగిసిందనుకోవద్దు. 2017 నుంచి యుఎఇలో ఎర్ర దీపం దాటితే 1,000 దిర్హమ్‌ల జరిమానా, 12 నల్ల పాయింట్లు, 30 రోజులు బండి జప్తు అని నిబంధన పెట్టారు. పాయింట్లు 24కు చేరితే లైసెన్సును కొంతకాలం నిలిపివేస్తారు. దుబాయ్, అబూధాబీలలో శిక్షలు ఆ తర్వాత ఇంకా పెరిగాయి.

ఇక స్త్రీల మాట. సౌదీ అరేబియాలో 2018 జూన్ 24 నుంచి స్త్రీలు కార్లు నడుపుతున్నారు. యుఎఇలో ఎప్పటి నుంచో నడుపుతున్నారు. అక్కడ స్త్రీలకు స్త్రీలే నేర్పే ఏర్పాటు ఉంది. ఒంటెలెక్కే స్త్రీలలో ఖురైష్ స్త్రీలు శ్రేష్ఠులని ప్రవక్త (స) మెచ్చుకున్నారు. భర్త డ్యూటీలో ఉండగా బిడ్డకు జ్వరం వస్తే ఆసుపత్రికి తీసుకెళ్లగల ఇల్లాలు ఆ ఇంటికి ఎంత ధైర్యం!

ఎయిట్ ట్రాక్ మీద

2024లో సెలవు మీద ఊరికి వచ్చాను. పెద్దమ్మాయికి 18 నిండాయి. కాలేజీకి వెళ్లడానికి స్కూటీ నేర్చుకుంది. లైసెన్సు పరీక్షకు నేనే వెంట వెళ్లాను. ఎయిట్ ట్రాక్ మీద రెండో మలుపులో కాలు నేలకు ఆనించింది. తప్పిందన్నారు. వారం తర్వాత మళ్లీ రావాలి.

గేటు బయట ఒకతను దగ్గరికొచ్చాడు. "ఆడపిల్లను ఎండలో ఎందుకు తిప్పుతారు భాయ్? నాకు వదిలేయండి, సాయంత్రానికల్లా అయిపోతుంది" అన్నాడు. మాటలో ఎంతో ఆదరణ. ఇరవై ఏళ్ల కిందట నాతో మాట్లాడినవాడిదీ అదే గొంతు, అదే ఆదరణ. ఇప్పుడు నా జేబులో డబ్బుంది. సెలవు రోజులు తక్కువున్నాయి. ఒక్క క్షణం మనసు ఊగిందని ఒప్పుకోవాలి.

అమ్మాయి అప్పటికే స్కూటీ తిప్పింది. "అబ్బా, పదండి. ఆ మలుపు ఇంటి దగ్గర ముగ్గుపిండితో గీసుకుని నేర్చుకుంటాను" అంది.

వారం రోజులు ఫజ్ర్ తర్వాత మా వీధి చివరి ఖాళీ స్థలంలో తెల్లటి ఎనిమిది అంకె మీద స్కూటీ తిరిగింది. పక్కన నిలబడి నేను ఒక్కటే మాట చెబుతూ వచ్చాను: అద్దం చూశాక తల కూడా తిప్పమ్మా. రెండోసారి కాలు నేలకు తగలకుండా తిరిగి వచ్చింది. కార్డు ఇంటికొచ్చిన రోజు అమ్మీ సేమ్యా పాయసం చేసింది. అబ్బా ఇప్పుడు లేరు. ఉంటే ఈసారి ఆయన అడగాల్సిన ప్రశ్న ఏదీ మిగిలేది కాదు.

వాహనం ఎక్కేటప్పుడు దానిని మనకు వశపరచిన ప్రభువును స్తుతించి, చివరకు ఆయన వద్దకే మరలిపోవాలని జ్ఞాపకం చేసుకునే దుఆ జుఖ్రుఫ్ సూరాలో ఉంది. తాళం తిప్పే ముందు ఆ దుఆ చదువుదాం. దారి మనకిచ్చిన హక్కును వాడుకునే ముందు, దారికి మనం ఇవ్వాల్సిన హక్కును ఇద్దాం. అల్లాహ్ మన ప్రయాణాలను క్షేమంగా ఉంచుగాక! మన చేతుల వల్ల ఏ ఇంటి దీపమూ ఆరకుండా కాపాడుగాక! ఆమీన్.